రామనగరు పోయిన యేటి మనిషి

చరిత్ర గ్రంథములలో సంవత్సరములకు అంకెలుండును. మన యిండ్లలోని పెద్దల నోట సంవత్సరములకు అంకెలుండవు, పేర్లుండును. ధాత కరువు, గాలివాన యేడు, నూలు చీట్ల కాలము, కొత్త పైసలు వచ్చిన యేడు: ఇదియే వారి పంచాంగము. జనాభా లెక్కలు వ్రాయువారికి ఈ సంగతి చిరకాలముగా తెలియును. పుట్టిన తేది యెరుగని వారి వయస్సును నిర్ణయించుటకై, ఆ ప్రాంతమున జరిగిన ముఖ్య సంఘటనల పట్టిక నొకదానిని వెంట నుంచుకొని, "తాతా, గాలివాన నాటికి నీకు పెండ్లి అయినదా?" అని యడుగుట వారికి పరిపాటి. తాతగారు కొంచె మాలోచించి, "కాలేదు బాబూ, అప్పుడప్పుడే మగ్గంలో కూర్చోవడం నేరుస్తున్నాను" అని చెప్పును. ఆ జవాబు నుండి ఒక అంకె పుట్టును.

ఈ ప్రసంగమున అట్టి జవాబు నొకదానిని తీసికొందుము. "మీరు ఏ యేట పుట్టినారు?" అని యడిగినచో, "రామనగరు పోయిన యేడు" అని చెప్పగల తరము చీరాల, పేరాలలలో ఒకటి యుండెను. ఆ యేట పుట్టిన ఒక నేతగాని డెబ్బదియారేండ్ల జీవితమును దేశచరిత్ర ప్రక్కన పరచి చూతము. ఈతనికి మేము పేరు పెట్టలేదు. ఈతడు ఒక్కడు కాడు. చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెముల మగ్గములలో కూర్చున్న పలువురి బ్రతుకుల పోగులను కలిపి మేము కూర్చిన మనిషి. ఈతని చుట్టు నున్న చరిత్ర తేదులు మాత్రము మేము కల్పించినవి కావు.

రామనగరు కథ శ్రోతలలో పెద్దలకు తెలిసినదే. చీరాల, పేరాల గ్రామములను కలిపి ఆనాటి మద్రాసు ప్రభుత్వము పురపాలక సంఘముగా మార్చెను. దానితో పన్నులు పలు రెట్లు పెరిగెను. మాకీ పురపాలక సంఘము వలదు, ఈ పన్నులు మేము మోయలేమని ప్రజలు మొర పెట్టుకొనిరి. పన్ను చెల్లింపక చెరసాలకు పోయినవారిలో ఒక స్త్రీయు ఉండెను. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. అది ముగిసిన కొలది దినములకే గాంధీజీ చీరాల వచ్చి, పన్ను చెల్లింపక శిక్ష ననుభవించుట యొక దారి, ఊరు విడిచిపోవుట మరియొక దారి అని చెప్పెను. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు రెండవ దారి నెంచుకొనిరి. సుమారు పదిహేను వేల జనములో అధిక సంఖ్యాకులు ఇండ్లకు తాళములు వేసి, పురపాలక సంఘపు ఎల్లకు ఆవల పాకలు వేసికొనిరి. ఆ పాకల ఊరికే రామనగరమని పేరు.

ఆ యేడు దుర్మతి. శ్రావణమాసమున, వాన కారుచున్న ఒక పాకలో, మన నేతగాడు పుట్టెను. జనాభా లెక్కలు ఆ యేడు మార్చిలోనే ముగిసినవి గనుక, ఈతడు ఈ లోకమున నున్నట్లు ప్రభుత్వమునకు తెలియుటకు 1931 వరకు పట్టెను.

రామనగరము సుమారు పదునొకండు నెలలు నిలిచెను. గోపాలకృష్ణయ్యగారిని నిర్బంధించి ఏడాది శిక్ష విధించిరి. ఎండకు ఎండి, వానకు తడిసి, చేతి డబ్బు చెల్లి, జనము ఒక్కొక్క కుటుంబముగా పాత యిండ్లకు తిరిగి వచ్చిరి. పురపాలక సంఘము నిలిచెను, పన్నులు నిలిచెను. గోపాలకృష్ణయ్యగారు 1928లో, నలువది యేండ్లైనను నిండక మునుపే, స్వర్గస్థులైరి. చరిత్రకారుడు ఇచ్చట అధ్యాయమును ముగించును. మన నేతగానికి మాత్రము ఇది మొదటి పుట. తండ్రి ఏ పన్ను చెల్లింపనని పాకలోనికి పోయెనో, ఆ పన్నును కొడుకు బ్రతికినంత కాలము ఏటేట చెల్లించెను. చెల్లించిన ప్రతిసారియు రశీదును మడిచి దూలములో దోపుచు, "దీని కోసమే నేను పాకలో పుట్టాను" అనెడివాడు. ఆ మాటలో కోపమెంతయో, గర్వమెంతయో విడదీయుట కష్టము.

ఇక ఆ యింటి లోపలికి పోదము. గుంట మగ్గము. నేలలో త్రవ్విన గుంటలో కాళ్లు పెట్టి, నేల మట్టమున కూర్చుండి నేయవలెను. మగ్గములో కూర్చున్నవాడు ఒకడే యైనను, ఆ మగ్గమును నడుపువారు ముగ్గురు నలుగురు. చిలపలు విప్పి రాట్నముపై కండెలు చుట్టునది ఇంటి ఇల్లాలు. ఆసు పోయునది తల్లియో, అక్కయో. తెల్లవారుజామున వీధిలో పడుగు చాచి గంజి పెట్టునప్పుడు ఇంటిల్లిపాదియు, ప్రక్కయింటి వారును చేతులు కలుపవలెను. కూలి మాత్రము నేసిన బట్టకే, నేసినవాని పేరనే. భార్య చుట్టిన కండెలకు వేరుగ కూలి వ్రాసిన పద్దు ఏ సావుకారు పుస్తకమునను ఉండలేదు.

ఆనాటి చీరాల రుమాలు సముద్రములు దాటిన సరుకు. నూలును నూనెతోను, బూడిద నీటితోను పలుమారులు నానబెట్టి, కట్టి, రంగులద్ది నేసిన తేలియా రుమాలు అరేబియా దేశములకు, ఆఫ్రికా తీరములకు పోయెడిది. నేసినవాడు మద్రాసైనను చూచి యుండడు. వాని చేతి రుమాలు మాత్రము ఎడారిలో ఎవరి తలకో చుట్టుకొని యుండును. మన నేతగాడు పదేండ్లు నిండకయే కండెలు అందించుచుండగా, 1930లో తీరము పొడవునను ఉప్పు సత్యాగ్రహము సాగెను. వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతన గ్రంథాలయమునకు గాంధీజీ 1929లో శంకుస్థాపన చేసెను. అక్కడ పత్రిక నొకరు చదువుచుండగా పదిమంది చుట్టు చేరి వినెడివారు. మనవాడు అక్షరములు నేర్చినది కొద్దియే. ఆలకించుట మాత్రము చక్కగా నేర్చెను.

పదునారవ యేట మగ్గములో కుదురుగా కూర్చుండెను. పెండ్లి యయ్యెను. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. 1942 ఏప్రిల్ 6వ తేదిన జపాను విమానములు విశాఖపట్టణముపైన, కాకినాడపైన బాంబులు వేసెను. మద్రాసు నుండి జనము మూటముల్లెలతో తరలిపోయిరి. ఇవి చరిత్ర పుస్తకములలో పెద్ద అక్షరములు. మన నేతగాని యింటిపై ఏ బాంబును పడలేదు. ఆ యింటిపై పడినది 1943లో వెలువడిన ఒక ఉత్తరువు, నూలు, బట్టల నియంత్రణపు టుత్తరువు. నూలు చీటీపై తప్ప దొరకదు. చీటీపై వచ్చు నూలు నెలలో కొన్ని దినములకే చాలును. తక్కిన దినములకు దొంగబజారు. మిల్లులో పుట్టిన నూలు మగ్గము వరకు వచ్చుసరికి ఎందరి చేతులు మారునో, అన్ని లాభములు దానిపై ఎక్కును. యుద్ధము ముగిసిన పిదపను ఈ చీట్లు వెంటనే పోలేదు. ఆ యేండ్లలో రెండవ బిడ్డ పుట్టి పోయెను. ఆ బిడ్డ యెప్పుడు పుట్టినదని యడిగినచో తల్లి చెప్పు జవాబు, "నూలు చీట్ల కాలంలో."

ఈ కథయందు మేము గమనించినది ఇదియే. పెద్ద సంఘటన సామాన్యుని గడపలోనికి తానుగా రాదు. తన తరఫున ఒక చిన్న ఉత్తరువునో, ఒక ధరనో, ఒక చీటీనో పంపును. చరిత్రకారుడు సంఘటనను చూచును. గృహస్థుడు ఆ చీటీని చూచును. రెండును సత్యములే. ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చదివినప్పుడే కథ పూర్తి యగును.

1947 ఆగస్టు 15 శుక్రవారము. ఊరిలో జెండా లెగిరెను, మిఠాయిలు పంచిరి. మన నేతగాడు వెళ్లి చూచి, మధ్యాహ్నమునకు వచ్చి మగ్గములో కూర్చుండెను, పడుగు మీద పని యుండెను గనుక. స్వాతంత్ర్యము ఆతని యింటికి వచ్చినది 1952లో, మొదటి సార్వత్రిక ఎన్నికల నాడు. అంతకు మునుపు ఓటు ఆస్తి గలవారిది, పన్ను చెల్లించువారిది, చదువుకొన్నవారిది. ఇప్పుడు ఇరువది యొక్క యేండ్లు నిండిన ప్రతివానిది, ప్రతి స్త్రీది. ముప్పది యేండ్ల మగడును, కండెలు చుట్టు భార్యయు ఒకే వరుసలో నిలిచి కాగితమును పెట్టెలో వేసి వచ్చిరి. ఏ పద్దులోను పేరెక్కని ఇల్లాలి పేరు ఓటర్ల జాబితాలో ఎక్కెను. మొదటి ఎన్నికల ఘనతను గూర్చి ఎందరో వ్రాసిరి. ఆ యింటి మట్టుకు ఘనత ఇదియే.

ఆ యేడే డిసెంబరు 15న మద్రాసులో పొట్టి శ్రీరాములుగారు ఆంధ్ర రాష్ట్రమునకై నిరాహారదీక్షలో ప్రాణములు విడిచిరి. ఆంధ్ర ప్రాంతమంతయు అట్టుడికెను. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము, 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానిగా ఆంధ్ర ప్రదేశ్ అవతరించెను. ఈ నడుమ, 1952లో అఖిల భారత చేనేత మండలి యేర్పడెను. 1953లో మిల్లు బట్టపై గజమునకు మూడు పైల చొప్పున పన్ను వేసి, ఆ సొమ్మును ఖద్దరునకు, చేనేతకు వినియోగింప శాసనము వచ్చెను. పై యనగా రూపాయిలో నూట తొంబది రెండవ వంతు. అంత చిన్న నాణెము మూడింటితో సహకార సంఘములకు కొంత బలము చేకూరెను. పన్ను వలన ఊరు విడిచినవారి బిడ్డకు పన్ను వలన మేలు కలుగుట ఇది మొదటిసారి. చేనేత నాయకులు ప్రగడ కోటయ్యగారి వంటివారు సంఘములలో చేరుడని ఊరూర చెప్పిరి. మనవాడును వాటా కట్టి సంఘములో చేరెను. సావుకారు గడప తప్పినదనుకొనెను. పూర్తిగా తప్పలేదు. సంఘములో నూలు లేని నెలలో ఆ గడపయే గతి.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చెను. పదునారు అణాల రూపాయి నూరు పైసల రూపాయి యయ్యెను. అణాకు ఆరుంబావు పైసలు. ఆ పావు పైస కొనువానికి రావలెనా, అమ్మువానికి పోవలెనా యని సంతలో తగవులు. పిదప గజము పోయి మీటరు వచ్చెను. మనవాడు మాత్రము తన మోచేతి నుండి వ్రేలి కొన వరకు కొలిచి, మూరలలోనే చీర కొలుచుచుండెను. ప్రభుత్వములు మార్చలేని కొలబద్ద అదియొక్కటే.

ఇచ్చట ఒక చిత్రమున్నది. రామనగరు నుండి తిరిగి వచ్చిన పిదప ఈతడు ఇల్లు మారలేదు. అయినను మద్రాసు రాజధానిలో పుట్టి, ఆంధ్ర రాష్ట్రములో నడివయస్సు వాడై, ఆంధ్ర ప్రదేశ్‌లో ముసలివాడయ్యెను. గుంటూరు జిల్లావాడు, 1970లో ఒంగోలు జిల్లావాడయ్యెను. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టగా, ప్రకాశం జిల్లావాడయ్యెను. ఈతడు పోయిన చాలా యేండ్లకు, 2022లో, చీరాల బాపట్ల జిల్లాలో చేరెను. గుంటలో పెట్టిన కాళ్లు కదలలేదు. చుట్టు నున్న ఎల్లలే కదలెను.

1977 నవంబరు 19వ తేది ఉప్పెనను చెప్పనక్కరలేదు. దివిసీమలో సముద్రము ఊళ్లపై పడి పదివేల మంది వరకు ప్రాణములు గొనెను. చీరాల ప్రాంతమున గాలికి కప్పులు లేచెను, వానకు మగ్గపు గుంటలు నిండెను. గుంటలో నీరు నిలిచినచో నేత లేదు. పడుగు తడిసినచో అప్పు తెచ్చిన నూలు పోయినట్లే. దివిసీమలో పోయిన ప్రాణముల ముందు పడుగు మాట యెత్తుటకు ఆతడు సిగ్గుపడెను. అయినను ఆ అప్పు తీరుటకు మూడేండ్లు పట్టెను. విపత్తులలో చనిపోయినవారి లెక్క ఉండును, ఉండవలెను. బ్రతికినవారు చెల్లించిన వడ్డీ లెక్క ఎక్కడను ఉండదు.

1981లో మరల దుర్మతి వచ్చెను. అరువది యేండ్ల చక్రము తిరిగెను. కొడుకులు షష్టిపూర్తి చేసిరి. ఒకడు రైల్వేలో చిన్న ఉద్యోగి, ఒకడు తండ్రి ప్రక్కనే మగ్గములో. ఆ యేడే మరల జనాభా లెక్కలు. వచ్చిన పిల్లవాడు, "వయసెంత తాతా?" అని యడుగగా, "అరవై నిండబోతున్నాయి. నేను దుర్మతిలో పుట్టాను, మళ్లీ దుర్మతి వస్తోంది" అని ముసలివాడు చెప్పెను. ఈసారి సంఘటనల పట్టికతో పని లేకపోయెను.

1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. మగ్గముపై పూట గడచు ఇంటికి ఇది మాటలతో చెప్పరాని ఊరట. 1985లో కొన్ని రకముల బట్టలను చేనేతకే కేటాయించుచు పార్లమెంటు శాసనము చేసెను. 1986లో ఇరువది రెండు రకములు ఆ జాబితా కెక్కెను. మిల్లులవారు, మరమగ్గములవారు న్యాయస్థానములకు పోయిరి. సుప్రీంకోర్టు ఆ శాసనము చెల్లునని తీర్పు చెప్పుసరికి 1993 వచ్చెను. 1996లో ఇరువది రెండు పదునొకండయ్యెను. కాగితముపై రక్షణ వచ్చుట, అది చేతికి అందుట, ఈ రెంటి నడుమ ఒక నేతగాని చివరి పదేండ్లు గడచిపోయెను.

ఆ పదేండ్లలో కఠినమైనది 1991. దేశమునకు విదేశ ద్రవ్యము కొరవడెను. జూలైలో రూపాయి విలువ తగ్గించిరి. ఆర్థిక విధానము మారెను. ఆ మార్పు మేలా కీడా యని నేటికిని పండితులు వాదించుచున్నారు. ఆ వాదము మా పని కాదు. చీరాల వీధిలో అది నూలు ధరగా దిగెను. నూలు ధర పెరిగినంత బట్ట ధర పెరుగలేదు. సావుకారు మగ్గములు ఆపించెను. ఆ యేడు ఈ ప్రాంతపు నేతగాండ్లలో ఆకలి చావులు సంభవించినవని పత్రికలు వ్రాసెను. డెబ్బదేండ్ల మన నేతగాడు ఆ చావులలో ఒకడు కాడు. రైల్వే కొడుకు పంపిన డబ్బు ఆ యింటిని నిలిపెను. మగ్గము నిలుపలేని యింటిని జీతము నిలుపుట చూచిన పిదప, మనుమలను మగ్గములో కూర్చుండమని చెప్పుటకు ముసలివానికి నోరు రాలేదు. ఈ నిర్ణయము ఏ చరిత్ర పుస్తకములోను లేదు. ఒక వృత్తి తరిగిపోవుట మాత్రము ఇట్టి వేల మౌనములతోనే జరుగును.

1997లో, దేశము స్వాతంత్ర్య స్వర్ణోత్సవములు జరుపుకొనుచున్న ఈశ్వర నామ సంవత్సరమున, ఆతడు కన్ను మూసెను. చావు నమోదు పుస్తకములో పేరు, వయస్సు, వృత్తి వ్రాసినది ఆ పురపాలక సంఘమే. తండ్రి వలదన్న పురపాలక సంఘము, బిడ్డ పుట్టుకను ఎరుగని పురపాలక సంఘము, చావును వ్రాసి పెట్టెను.

ఇప్పుడు రెండు పంచాంగములను ప్రక్క ప్రక్కన పెట్టుదము. ఒకదానిలో సత్యాగ్రహములు, యుద్ధము, స్వాతంత్ర్యము, రాష్ట్రావతరణలు. రెండవదానిలో పాక, చీటీ, మూడు పైలు, తడిసిన పడుగు, రెండు రూపాయల బియ్యము, ఆగిన మగ్గము. మొదటిది లేక రెండవది అర్థము కాదు, నూలు చీటీ ఎందుకు వచ్చినదో యుద్ధమే చెప్పవలెను. రెండవది లేక మొదటిది నిజము కాదు, యుద్ధము ఎవరి బిడ్డను తీసికొనిపోయినదో చీటీయే చెప్పవలెను. మొదటి పంచాంగమును గ్రంథాలయములు భద్రపరచుచున్నవి. రెండవదానిని భద్రపరచుటకు మనుష్యులు తప్ప వేరు చోటు లేదు. ఆ మనుష్యులు ఎల్లకాలము ఉండరు.

శ్రోతలకు మా మనవి యొక్కటే. మీ యింటిలో వృద్ధు లెవరైన నున్నచో, తీరిక గల యొక సాయంకాలమున వారి దగ్గర కూర్చుండుడు. "మీ కాలమున జరిగిన గొప్ప సంగతు లెవ్వి?" అని యడుగవలదు. వారు పుస్తకములోని జవాబే చెప్పుదురు. "మన యింటిలో బియ్యము మొదటిసారి కొన్నది ఎప్పుడు? అప్పు ఎవరి వద్ద తెచ్చినారు? అమ్మమ్మ చేసిన పనికి కూలి ఎవరు పుచ్చుకొనిరి? పనిముట్టును ఎందుకు పక్కన పెట్టినారు?" అని యడుగుడు. వారు సంవత్సరమునకు ఏ పేరు పెట్టుదురో ఆ పేరే వ్రాసికొనుడు. అంకెను తరువాత వెదుక వచ్చును. పేరు పోయినచో అంకె మాత్రమే మిగులును, అంకెలో ఏ యింటి వారును కనబడరు.